ఫ్యూయల్ సెల్ కారు: సెల్ తేలికే, చిక్కంతా సిస్టంలోనే

ఫ్యూయల్ సెల్ గురించి ఎక్కడ చదివినా ఒకటే బొమ్మ కనిపిస్తుంది. ఎడమవైపు హైడ్రోజన్, కుడివైపు ఆక్సిజన్, మధ్యలో ఒక పొర, పైన వెలిగే బల్బు, కింద కారే నీటి చుక్క. బొమ్మలో తప్పేమీ లేదు. కానీ అది చూశాక ఒక డౌటు రావాలి. హైడ్రోజన్, ఆక్సిజన్‌లను కలిపి కరెంటు తీయవచ్చని విలియం గ్రోవ్ 1839లోనే చూపించాడు. ఫ్యూయల్ సెల్‌తో నడిచే కారు టొయోటా మిరాయ్ జపాన్‌లో అమ్మకానికి వచ్చింది 2014 డిసెంబర్లో. అంత సింపుల్ వ్యవహారమైతే మధ్యలో ఈ 175 ఏళ్లు ఏమైనట్టు?

మధ్యలో ప్రయత్నాలు జరగకపోలేదు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఫ్రాన్సిస్ బేకన్ ఏళ్ల తరబడి కష్టపడి 1959లో కొన్ని కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ నడిపి చూపించాడు. అపోలో వ్యోమనౌకల్లో కరెంటిచ్చిన సెల్స్ ఆ వంశానివే. 1966లో జనరల్ మోటార్స్ ఒక వ్యాన్‌కు ఫ్యూయల్ సెల్స్ బిగించింది. ఆ ట్యాంకులు, గొట్టాలు, సెల్స్ అన్నీ సర్దేసరికి వ్యాన్‌లో మనుషులకు పెద్దగా చోటు మిగల్లేదు.

సెల్ పనిచేయడం ఒక ఎత్తు. అది కారులో ఒదిగి, డ్రైవర్ అడిగినప్పుడల్లా అడిగినంత ఇస్తూ ఏళ్లపాటు నిలబడటం ఇంకో ఎత్తు. బొమ్మలో ఉన్నది సెల్. కారుకు కావాల్సింది సిస్టం. గత 30 ఏళ్లుగా యూనివర్సిటీల్లో జరిగిన పనిలో నాకు విలువైనదిగా తోచేది ఈ రెండింటి మధ్య ఉన్న అగాధాన్ని కొలిచిన పనే. పత్రికల్లో హెడ్‌లైన్లు మాత్రం ఎక్కువగా కొత్త క్యాటలిస్టులకు (ప్లాటినంలా రసాయన చర్యను వేగం చేసే పదార్థాలకు), కొత్త పొరలకు దక్కుతుంటాయి.

ముందు కాస్త లెక్క

ఆనోడ్ అనే ఎలక్ట్రోడ్ వైపు వచ్చిన హైడ్రోజన్ ప్లాటినం రేణువుల మీద ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. మధ్యలో ఉన్న పొర ప్రోటాన్లను మాత్రమే పోనిస్తుంది. ఎలక్ట్రాన్లు బయటి తీగలోంచి చుట్టు తిరిగి వెళ్లాల్సిందే. ఆ చుట్టు ప్రయాణమే మనకు దక్కే కరెంటు. అవతలి ఎలక్ట్రోడ్ అయిన క్యాథోడ్ దగ్గర ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు, గాలిలోని ఆక్సిజన్ కలిసి నీరవుతాయి.

సిద్ధాంతం ప్రకారం ఒక్కో సెల్ 1.23 వోల్టులు ఇవ్వాలి. కారు గట్టిగా లాగుతున్నప్పుడు నిజంగా చేతికొచ్చేది 0.6 నుంచి 0.7 వోల్టులే. ఈ నష్టంలో పెద్ద వాటా క్యాథోడ్‌ది. హైడ్రోజన్ ఇట్టే విడిపోతుంది గానీ, ఆక్సిజన్ అణువును విడగొట్టడం ప్లాటినానికి కూడా అంత తేలిక కాదు. అందుకే ఖరీదైన ప్లాటినంలో ఎక్కువ భాగం క్యాథోడ్‌లోనే వాడతారు.

ఒక్క సెల్‌తో ఏమీ కాదు కాబట్టి వందల సెల్స్‌ను పలకల్లా పేర్చి స్టాక్ చేస్తారు. రెండో తరం మిరాయ్‌లో 330 సెల్స్ ఉంటాయి, గరిష్ఠంగా 128 కిలోవాట్లు ఇస్తాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక్కో సెల్ 0.65 వోల్టుల దగ్గర ఉందనుకుంటే మొత్తం సుమారు 215 వోల్టులు. 128 కిలోవాట్లు రావాలంటే దాదాపు 600 ఆంపియర్లు పారాలి. దీనికి సెకనుకు 2 గ్రాముల హైడ్రోజన్ చాలు. కానీ ఆ రెండు గ్రాములు 18 గ్రాములకు పైగా నీరవుతాయి. నిమిషానికి లీటరు దాటుతుంది. గాలి అయితే, కచ్చితంగా అవసరమైన దానికి రెట్టింపు పంపాలనుకుంటే, సెకనుకు 100 లీటర్ల పైమాటే. వేడి సంగతి సరేసరి, వచ్చే కరెంటు ఎంతో ఇంచుమించు వేడీ అంతే.

అంటే కారు ముందు భాగంలో తుఫానులా వీచే గాలి, ధారగా కారే నీరు, గదుల కొద్దీ వేడి చేయగల హీటరు అన్నీ ఒక సూట్‌కేసంత పెట్టెలో ఉంటాయి. సిస్టం అంటే వీటన్నిటికీ కాపలా కాయడమే: గాలికి కంప్రెసర్, హైడ్రోజన్‌ను తిప్పి పంపే పంపు, తేమను చూసుకునే ఏర్పాటు, కూలింగ్, వోల్టేజి పెంచే కన్వర్టర్, పక్కన ఒక బ్యాటరీ, అన్నిటి మీదా పెత్తనం చేసే కంట్రోలర్.

ల్యాబులో సెల్‌కు దక్కే రాజభోగం

యూనివర్సిటీ ల్యాబులో టెస్ట్ బెంచ్ మీద ఉండే సెల్ ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే అసలు సమస్య అర్థమవుతుంది. దాని పని చేసే వైశాల్యం చాలాసార్లు 5 చదరపు సెంటీమీటర్లు, చిన్న తపాలా బిళ్లంత. మెలికలు తిరిగే సన్నని కాలువలు చెక్కిన రెండు గ్రాఫైట్ దిమ్మెల మధ్య ఎలక్ట్రోడ్లు అంటించిన పొరను పెడతారు. బోల్టులను టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగిస్తారు. ఒక బోల్టు ఎక్కువ బిగిస్తే ఒక మూల నలిగి ఇంకో మూల లీకవుతుంది. రెండు వైపులా హీటర్ కడ్డీలు. గ్యాసులను వేడినీటి సీసాల్లో బుడగలుగా పంపి తడిపి మరీ లోపలికి వదులుతారు. ఇంతా చేసి, అవసరానికి మించి ఎన్నో రెట్లు గ్యాస్ ఇస్తారు. కరెంటును మెట్టు మెట్టుగా పెంచుతూ ఒక్కో మెట్టు దగ్గర కొన్ని నిమిషాలు ఆగి వోల్టేజి రాసుకుంటారు. అలా వచ్చే గీతనే పోలరైజేషన్ కర్వ్ అంటారు.

కొత్త అల్లుడికి జరిగే మర్యాదలన్నీ ఆ సెల్‌కు జరుగుతాయి. ఉష్ణోగ్రత అంతటా ఒకటే, గాలికి కొదవ లేదు, తొందరపెట్టేవాళ్లు లేరు. పదార్థం గుణం తెలుసుకోవాలంటే ఇలా చేయడమే సరైన పద్ధతి కూడా. ఇబ్బందల్లా ఆ గీతను చూపించి కారు గురించి మాట్లాడినప్పుడే వస్తుంది.

స్టాక్‌లో సెల్స్ అన్నీ వరుసగా కలిపి ఉంటాయి. ఒకే కరెంటు అన్నిటి గుండా పారాలి. 330లో ఒకదానికి ఏ కారణం చేతనైనా గ్యాస్ అందకపోతే మిగతా 329 దాన్ని వదిలిపెట్టవు, బలవంతంగా అదే కరెంటును దానిలోంచి తోస్తాయి. దాని వోల్టేజి సున్నా దాటి కిందికి పోతుంది. ఆనోడ్‌లో హైడ్రోజన్ లేనప్పుడు కరెంటు కోసం ఎలక్ట్రోడ్‌లోని కార్బన్నే తినేయడం మొదలవుతుంది. అందుకే పెద్ద స్టాకుల్లో సెల్స్ వోల్టేజీలను విడివిడిగా గానీ, జతలుగా గానీ కనిపెట్టే వైర్లు పెడతారు.

ఒకే పొలంలో కరవూ వరదా

ఈ సెల్స్‌లో వాడే పొరల్లో బాగా పేరున్నది నాఫియాన్. 1960ల చివర్లో డ్యూపాంట్ కంపెనీలో వాల్టర్ గ్రోట్ కనిపెట్టారు. టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్‌కు ఆమ్ల గుణం ఉన్న కొమ్మలు తగిలించినట్టు ఉంటుంది. ఇది తడిగా ఉంటేనే ప్రోటాన్లను పోనిస్తుంది. ఎండిపోతే దారి మూసుకుపోతుంది, పొర బిగుసుకుని చిట్లుతుంది. అలాగని నీరు ఎక్కువైతే ఎలక్ట్రోడ్ రంధ్రాలు నిండిపోయి ఆక్సిజన్‌కు దారి ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆనోడ్ నుంచి క్యాథోడ్‌కు వెళ్లే ప్రతి ప్రోటాన్ తనతో పాటు నీటి అణువులను లాక్కుపోతుంది. నీరు పుట్టేది కూడా క్యాథోడ్ దగ్గరే. కాబట్టి ఆనోడ్ వైపు ఎండుతుంటే క్యాథోడ్ వైపు మునుగుతుంది. పొర పలచగా ఉంటే క్యాథోడ్ నుంచి కొంత నీరు వెనక్కి ఊరి కరవు తీరుస్తుంది. ఒకప్పుడు 180 మైక్రాన్ల దాకా ఉన్న పొరలు ఇప్పుడు 10, 15 మైక్రాన్లకు తగ్గడానికి ఇదొక కారణం. ఈ రాకపోకలను సమీకరణాల్లో పెట్టి 1991లో అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబులో స్ప్రింగర్, జావోజిన్‌స్కీ, గాట్స్‌ఫెల్డ్ రాసిన మోడల్‌ను ఈ రంగంలో అడుగుపెట్టే విద్యార్థులు ఇప్పటికీ మొదటి పాఠంలా చదువుతారు.

మోడల్ రాయడం సరే, లోపల నిజంగా ఏం జరుగుతోందో చూసేదెలా? సెల్‌ను లోహపు పలకలు, గ్రాఫైట్ కప్పేసి ఉంటాయి. ఇక్కడ అక్కరకొచ్చింది న్యూట్రాన్లు. అల్యూమినియం లోంచి న్యూట్రాన్లు దాదాపు అడ్డు లేకుండా దూసుకుపోతాయి, హైడ్రోజన్ ఎదురైతే మాత్రం చెదిరిపోతాయి. కాబట్టి న్యూట్రాన్ ఫోటోలో లోహం మాయమై నీరు ఒక్కటే నీడగా కనిపిస్తుంది. డాక్టర్ చూసే ఎక్స్‌రేకు ఇంచుమించు తిరగేసిన బాపతు. న్యూట్రాన్లు పుట్టించే ఏర్పాటున్న అమెరికాలోని నిస్ట్ (జాతీయ ప్రమాణాల సంస్థ), స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్లకు యూనివర్సిటీ బృందాలు తమ సెల్స్ పట్టుకెళ్లి, దొరికిన కొద్ది రోజుల్లో రాత్రింబవళ్లు ఫోటోలు తీసుకుంటాయి. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీకైతే న్యూట్రాన్లిచ్చే సొంత అణు రియాక్టరే ఉంది.

ఆ ఫోటోల్లో తేలింది ఏమిటంటే, నీరు సమానంగా పరుచుకోదు. కాలువ మెలిక తిరిగే మూలల్లో, కాలువకూ కాలువకూ మధ్య ఉన్న గట్ల కింద పేరుకుంటుంది. ఒకే సెల్‌లో గాలి లోపలికొచ్చే చోట కరవు, బయటికెళ్లే చోట వరద. గట్టు వెడల్పు ఎంతుండాలి, కాలువ లోతు ఎంతుండాలి అనే ప్రశ్నలు అప్పటిదాకా అనుభవం మీద నడిచేవి. ఆ తర్వాత వాటిని కొలిచి చెప్పడం మొదలైంది. మొదటి మిరాయ్‌లో క్యాథోడ్ వైపు మామూలు కాలువలు తీసేసి, నీటిని ఎలక్ట్రోడ్ నుంచి పక్కకు లాగేసే సన్నని జాలీ లాంటి నిర్మాణం పెట్టారు. బయటి నుంచి గాలిని తడిపే యంత్రాన్ని కూడా ఎత్తేశారు. రెండో తరంలో ఆ జాలీని వదిలి మళ్లీ కాలువలకే వచ్చారు, అక్కడక్కడా ఇరుకు చేసి. ఒక్క నీటి చుక్క కోసం ఇంత తిరుగుడు.

పెడల్ తొక్కిన అర సెకను

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం. కారు నెమ్మదిగా పోతోంది. ముందున్న లారీని దాటాలని డ్రైవర్ పెడల్ గట్టిగా తొక్కాడు. మోటారు వెంటనే కరెంటు లాగుతుంది, మిల్లీసెకన్లలో. సెల్‌లోని రసాయన చర్య కూడా అంతే వేగంగా స్పందించగలదు, అక్కడ ఆక్సిజన్ ఉన్నంతసేపు. కానీ కొత్త గాలి రావాలంటే కంప్రెసర్ వేగం అందుకోవాలి. కొన్ని రకాల కంప్రెసర్లు నిమిషానికి లక్ష చుట్లకు అటూ ఇటూగా తిరుగుతాయి. నూనె చుక్క స్టాక్‌లోకి పోతే ముప్పు కాబట్టి బేరింగులకు నూనె వాడరు, గాలి పొర మీదే తిరిగేలా చేస్తారు. అలాంటి చక్రం వేగం పెంచుకుని, గొట్టాలు నింపి, వందల సెల్స్‌కు గాలి చేర్చేసరికి సెకనులో కొంత భాగమైనా గడిచిపోతుంది. ఆ కాస్త సమయంలో స్టాక్ లోపల మిగిలి ఉన్న ఆక్సిజన్ అయిపోతే వోల్టేజి కూలబడుతుంది. దీన్నే ఆక్సిజన్ స్టార్వేషన్ అంటారు. పరుగు మధ్యలో ఊపిరందకపోవడం లాంటిది.

ఇందులో అసలు విడ్డూరం వేరే ఉంది. కంప్రెసర్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ స్టాక్ నుంచే. అంటే ఎక్కువ కరెంటు ఇవ్వాలంటే ఎక్కువ గాలి కావాలి, ఎక్కువ గాలి కావాలంటే కంప్రెసర్‌కు ముందు ఎక్కువ కరెంటు ఇవ్వాలి. ఊపిరాడని క్షణంలోనే ఊపిరి తెచ్చే యంత్రానికి అదనంగా చెల్లించాలి. కంప్రెసర్‌ను కంగారుగా పరిగెత్తిస్తే చక్రాలకు చేరే పవర్ పెరగకపోగా క్షణకాలం తగ్గుతుంది. కంట్రోల్ ఇంజినీర్లకు ఇది తెలిసిన తలనొప్పే. ముందు తప్పు దిశలో కదిలి తర్వాత సరైన దిశకు వచ్చే సిస్టం ఏదైనా, ఎంత తెలివైన కంట్రోలర్ పెట్టినా ఒక వేగానికి మించి స్పందించదు. అది కంట్రోలర్ లోపం కాదు, నిర్మాణంలోనే ఉన్న హద్దు.

ఈ హద్దును లెక్కగట్టి చూపించిన పనిలో మిచిగన్ యూనివర్సిటీది పెద్ద చెయ్యి. 2000ల మొదట్లో అక్కడ అన్నా స్టెఫానోపౌలౌ, హుయీ పెంగ్, వాళ్ల విద్యార్థి జే పుక్రుష్పాన్ కలిసి 75 కిలోవాట్ల కారు స్టాక్‌కు ఒక మోడల్ తయారు చేశారు. అందులో రసాయనం తక్కువ. కంప్రెసర్ చక్రం జడత్వం ఎంత, గొట్టంలో గాలి నిండటానికి ఎంతసేపు పడుతుంది, స్టాక్ లోపల ఆక్సిజన్ పీడనం ఎలా మారుతుంది, ఇలాంటివే ఎక్కువ. కావాల్సిన దానికి ఎన్ని రెట్లు ఆక్సిజన్ లోపలికి వెళ్తోంది అనే ఒక్క నిష్పత్తి మీద దృష్టి పెట్టారు. అది 2 దగ్గర ఉండాలని ఆశ. పెడల్ తొక్కగానే అది జారిపోతుంది, 1 కిందికి పడితే స్టాక్‌కు దెబ్బ. ఆ నిష్పత్తిని నేరుగా కొలిచే సెన్సర్ స్టాక్ లోపల పెట్టలేరు. కాబట్టి బయట కొలవగలిగే పీడనం, గాలి ప్రవాహం, వోల్టేజి చూసి లోపలి సంగతి ఊహించే అల్గారిథం రాశారు. ఆ మోడల్ మీద తర్వాత ప్రపంచమంతా ఎంతమంది కంట్రోలర్లు కట్టి పరీక్షించారో లెక్కలేదు. నిజాయితీగా చెప్పాలంటే, వాటిలో చాలావరకు ఆ మోడల్ మీదే పరీక్షించి ఆగిపోయిన పేపర్లు. అసలు స్టాక్ మీద పెట్టి చూసినవి తక్కువ.

బ్యాటరీ చేసే సాయం, దాని ఖరీదు

హద్దు దాటలేమని తెలిశాక ఉన్న దారి, పక్కన చిన్న బ్యాటరీ పెట్టుకోవడం. పెడల్ తొక్కిన మొదటి క్షణాల్లో బ్యాటరీ ఇస్తుంది, ఈలోగా స్టాక్ నిదానంగా అందుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు వచ్చే కరెంటును దాచుకోవడానికీ పనికొస్తుంది. మిరాయ్‌లో ఉన్నది ఒకటీ ఒకటిన్నర కిలోవాట్-అవర్ల బ్యాటరీ. మామూలు ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో ఇది ఏ మూలకూ చాలదు.

వెంటనే ఇంకో ప్రశ్న: ప్రతి క్షణం స్టాక్ ఎంత ఇవ్వాలి, బ్యాటరీ ఎంత ఇవ్వాలి? ముందున్న దారి అంతా తెలిస్తే గణితం కచ్చితమైన జవాబు ఇస్తుంది. దారి ముందే తెలియదు కదా. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ బృందం హైబ్రిడ్ కార్ల కోసం అభివృద్ధి చేసిన ఒక పద్ధతి ఇక్కడ బాగా పనికొచ్చింది. బ్యాటరీ కరెంటు ఉచితం కాదు, ఇప్పుడు వాడితే తర్వాత హైడ్రోజన్ ఖర్చు పెట్టి నింపాలి. కాబట్టి బ్యాటరీ కరెంటుకు హైడ్రోజన్ రూపంలో ఒక ధర కట్టి, ఆ క్షణానికి మొత్తం ఖర్చు ఎక్కడ తక్కువో చూసుకోవడం. ధర ఎక్కువ కడితే కారు బ్యాటరీని ముట్టదు, తక్కువ కడితే ఊడ్చేస్తుంది. కిటుకంతా ఆ ధర కట్టడంలోనే ఉంది.

"మా పద్ధతితో ఇంత శాతం హైడ్రోజన్ ఆదా" అనే పేపర్లు ఈ విషయం మీద కుప్పలుగా వస్తాయి. దేనితో పోల్చి ఆదా అన్నారో చూడకుండా వాటిని నమ్మకూడదు. మరీ చెత్త నియమంతో పోలిస్తే ఏదైనా గొప్పగానే కనబడుతుంది. పైగా హైడ్రోజన్ ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే సరిపోదు. తక్కువ లోడులో సెల్ వోల్టేజి పెరుగుతుంది, సామర్థ్యమూ పెరుగుతుంది. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ ఎక్కువ వోల్టేజి దగ్గర ప్లాటినం మెల్లగా కరుగుతుంది. వోల్టేజి పైకీ కిందికీ ఊగితే ఇంకా వేగంగా కరుగుతుంది. పెట్రోల్ ఇంజిన్‌కు ఐడ్లింగ్ అంటే విశ్రాంతి లాంటిది. ఫ్యూయల్ సెల్‌కు అదీ శిక్షే. అందుకే ఇప్పటి పరిశోధనలో ఇంధనం ఆదాతో పాటు ఆయుష్షునూ తక్కెడలో వేస్తున్నారు. ఆయుష్షుకు ధర కట్టడం మాత్రం హైడ్రోజన్‌కు కట్టినంత తేలిక కాదు.

వేడి గురించి రెండు ముక్కలు. పెట్రోల్ ఇంజిన్ తన వేడిలో పెద్ద భాగాన్ని పొగ గొట్టంలోంచి వదిలేస్తుంది. ఫ్యూయల్ సెల్ పొగలో పోయే వేడి చాలా తక్కువ, దాదాపు అంతా రేడియేటర్ మోయాలి. పైగా స్టాక్ 80 డిగ్రీల దగ్గరే నడుస్తుంది. బయట 40 డిగ్రీలుంటే తేడా 40 డిగ్రీలే, అంత తక్కువ తేడాతో అంత వేడిని వదిలించాలంటే రేడియేటర్ పెద్దది కాక తప్పదు. చలిలో కథ తిరగబడుతుంది. మైనస్ 20 డిగ్రీల్లో బండి తీస్తే పుట్టిన నీరు పుట్టినట్టే ఎలక్ట్రోడ్ రంధ్రాల్లో గడ్డకట్టవచ్చు. రంధ్రాలు మంచుతో నిండే లోపు స్టాక్ సున్నా దాటి వేడెక్కాలి. ఆ పందెం గెలవడానికి కావాలనే గాలి తగ్గించి, సామర్థ్యం చెడగొట్టి, ఎక్కువ వేడి పుట్టించే పద్ధతి ఉంది. సామర్థ్యం కోసం ప్రాణం పెట్టే ఇంజినీర్లు దాన్ని చేజేతులా పాడుచేసే అరుదైన సందర్భం ఇది.

36 రెట్ల క్యాటలిస్ట్ కారులో ఎందుకు లేదు

2007లో ఆర్గాన్ నేషనల్ ల్యాబుకు చెందిన స్టామెంకోవిచ్, మార్కోవిచ్ బృందం ప్లాటినం-నికెల్ మిశ్రమ స్ఫటికం ఒకటి ఆక్సిజన్ చర్యను మామూలు ప్లాటినం స్ఫటికం కంటే 10 రెట్లు వేగంగా నడుపుతుందని చూపించింది. 2014లో బర్క్‌లీలోని పీడాంగ్ యాంగ్ బృందం వాళ్లతో కలిసి, లోపల డొల్లగా ఉండే నానో చట్రాలు తయారు చేసింది. మామూలు ప్లాటినం క్యాటలిస్ట్‌తో పోలిస్తే గ్రాము ప్లాటినానికి 36 రెట్ల పనితనం అని లెక్క తేలింది. అలాంటప్పుడు కారులో ప్లాటినం 36వ వంతుకు తగ్గిపోవాలి కదా? తగ్గలేదు.

ఈ కొలతలన్నీ తిరిగే డిస్క్ ఎలక్ట్రోడ్ మీద తీసినవి. పలచటి ఆమ్లంలో ఒక డిస్క్ గిర్రున తిరుగుతుంటుంది, దాని మీద చిటికెడు క్యాటలిస్ట్. అక్కడ ప్రతి రేణువునూ ఆమ్లం తడిపేస్తుంది, కరెంటు చదరపు సెంటీమీటర్‌కు కొన్ని మిల్లీఆంపియర్లు. కారులో అదే చదరపు సెంటీమీటర్ మీద ఆంపియరు దాటాలి. అక్కడ ద్రవ ఆమ్లం లేదు. అయానోమర్ అనే జిగురు లాంటి పదార్థం ప్రతి రేణువునూ చేరాలి, దాని గుండా ఆక్సిజన్ ఊరాలి. డొల్ల చట్రం లోపలికి అయానోమర్ పోలేదనుకోండి, ఆ లోపలి ప్లాటినం ఉన్నా లేనట్టే. నికెల్ కరిగి పొరలోకి చేరితే ప్రోటాన్ల దారికి అడ్డం పడుతుంది. పైగా ప్లాటినం తగ్గించేకొద్దీ ఒక్కో రేణువు మోయాల్సిన బరువు పెరుగుతుంది, దాని చుట్టూ ఉన్న ఆ సన్నని జిగురు పొరే ఆక్సిజన్‌కు ఇరుకుదారి అవుతుంది. జనరల్ మోటార్స్‌లో పనిచేసి తర్వాత మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీకి వెళ్లిన హ్యూబర్ట్ గాస్టైగర్ లాంటి వాళ్లు ఈ ఇరుకు గురించి ఏళ్లుగా కొలిచి చెబుతూనే ఉన్నారు.

ఈ మధ్య రెండింటికీ నడుమ ఒక మెట్టు కట్టారు. తిరిగే డిస్కూ కాదు, పూర్తి సెల్లూ కాదు, గ్యాస్ నేరుగా తగిలే సగం సెల్. కొద్ది మిల్లీగ్రాముల క్యాటలిస్ట్‌తోనే ఎక్కువ కరెంటు దగ్గర పరీక్షించవచ్చు. హెడ్‌లైన్లలో 36 రెట్లు అనే అంకె ఎంత బాగా పాకిందో ఈ మెట్టు గురించి అంత తక్కువ మందికి తెలుసు.

విద్యార్థులు చేసిన పనిలో నాకు ముచ్చటేసేది స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ యూనివర్సిటీ వాళ్ల పాక్-కార్ 2 అనే ఫ్యూయల్ సెల్ బండి. 2005లో ఫ్రాన్స్‌లోని లాడూ టెస్ట్ ట్రాక్ మీద అది, లీటరు పెట్రోల్‌కు సమానమైన హైడ్రోజన్‌తో 5,385 కిలోమీటర్ల లెక్కన నడిచి ప్రపంచ రికార్డు కొట్టింది. బండి బరువు 30 కిలోల లోపే, డ్రైవర్ దాదాపు పడుకునే నడపాలి, సగటు వేగం గంటకు 30 కిలోమీటర్లు. కారు ఫ్యూయల్ సెల్‌కు దీని నుంచి నేరుగా వచ్చిన పాఠం తక్కువే. ఎందుకంటే ఆ పరుగులో లారీని ఓవర్‌టేక్ చేసే క్షణమే లేదు. గాలి, నీరు, వేడి అన్నీ నిలకడగా ఉండేలా చూసుకున్నారు కాబట్టే ఆ రికార్డు. అయితే అనవసరంగా కరెంటు తినే పంపులు, ఫ్యాన్లు ఒక్కొక్కటే పీకేస్తూ సిస్టం కట్టడం ఎలాగో ఆ పిల్లలకు ఏ పుస్తకం నేర్పనంతగా తెలిసి ఉంటుంది.

కార్ల నుంచి ట్రక్కులకు

మామూలు కార్ల వరకు బ్యాటరీయే గెలిచిందని నా అభిప్రాయం. కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి, 700 బార్ పీడనానికి నొక్కి, మళ్లీ కరెంటు చేసి చక్రాలకు పంపేసరికి మొదటి కరెంటులో మూడో వంతుకు అటూ ఇటూగా మిగులుతుంది. బ్యాటరీ దారిలో దానికి రెట్టింపు పైనే మిగులుతుంది. దూరాలు తిరిగే బరువైన ట్రక్కుల లెక్క వేరు. అక్కడ బ్యాటరీ బరువు సరుకు బరువును తినేస్తుంది. అందుకే యూనివర్సిటీ గ్రాంట్లు కూడా ఆ వైపు మళ్లుతున్నాయి.

దాంతో కొలబద్ద మారిపోయింది. కారు స్టాక్‌కు అమెరికా ఇంధన శాఖ అంతిమ లక్ష్యం 8,000 గంటలు. ట్రక్కుకు 2030 నాటి లక్ష్యమే 25,000 గంటలు. ఆపకుండా నడిపితే మొదటిది 11 నెలలు, రెండోది రెండేళ్ల పది నెలలు. ఏ పీహెచ్‌డీ విద్యార్థీ ఒక్క సెల్ ముందు అన్నాళ్లు కూర్చోలేడు. కూర్చున్నా, అది పూర్తయ్యేసరికి మొదలుపెట్టిన పదార్థం పాతదైపోతుంది. కాబట్టి వేగవంతమైన పరీక్షలు పెట్టుకున్నారు. ప్లాటినం కోసం బాగా వాడుకలో ఉన్న పరీక్షలో వోల్టేజిని 0.6 దగ్గర 3 సెకన్లు, 0.95 దగ్గర 3 సెకన్లు చొప్పున 30,000 సార్లు ఊపుతారు. సరిగ్గా 50 గంటల్లో అయిపోతుంది.

ఈ పరీక్షలో క్యాథోడ్ వైపు గాలి ఉండదు, నైట్రోజన్ ఉంటుంది. అంటే సెల్ పవర్ ఇవ్వదు, నీరు పుట్టదు, వేడి పుట్టదు. ఇంతసేపూ మనం చెప్పుకున్న కరవు, వరద, ఊపిరందని అర సెకను, ఏదీ అందులో లేదు. రాత్రంతా ఆపి ఉంచిన బండిని పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఆనోడ్‌లో చేరిన గాలిని హైడ్రోజన్ తోసుకుంటూ వస్తుంది. ఆ కొద్దిసేపు అవతలి ఎలక్ట్రోడ్‌లో కొంత భాగం వోల్టేజి 1.4 దాటి కార్బన్ మండిపోతుంది. అదీ ఇందులో లేదు, దానికి వేరే పరీక్ష. ఒక్కో రోగానికి ఒక్కో పరీక్ష పెట్టుకున్నారు గానీ, రోడ్డు మీద అన్ని రోగాలూ ఒకేసారి వస్తాయి.

అందుకే నిజంగా తిరిగిన బండి స్టాక్ విప్పి చూడటానికి దొరికితే పరిశోధకులకు పండగే. ఒక సెల్ తీసి, గాలి వచ్చే చోట ఒక ముక్క, మధ్యలో ఒకటి, గాలి పోయే చోట ఒకటి కత్తిరించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడతారు. ఒకే పొర, ఒకే రోజు తయారైంది, అన్నే గంటలు నడిచింది. అయినా ప్లాటినం రేణువుల సైజు మూడు ముక్కల్లో మూడు రకాలుగా ఉంటుంది.